నీళ్ల గ్లాసుకి ఏ రంగు వేయాలి?

పోయిన వేసవిలో ఒకావిడ తన ఎనిమిదేళ్ల కొడుకుని వెంటబెట్టుకుని మా ఇంటికొచ్చారు. ఆదివారాలు నేను పిల్లలకి బొమ్మలు నేర్పుతానని ఎవరో చెప్పారట. వాడి డ్రాయింగ్ పుస్తకం తెరిచి నా ముందు పెట్టి, "చూడండి మేడమ్, నీళ్ల గ్లాసు గీసి రంగులు వేయమంటే వీడేం చేశాడో" అన్నారు. పెన్సిలుతో గీసిన గ్లాసు. టేబుల్‌కి గోధుమరంగు, వెనక గోడకి పసుపు, రెండూ నిండుగా దిద్దాడు. గ్లాసు లోపల మాత్రం ఉత్త తెల్లకాగితం. పక్కన ఎర్రసిరాతో "పూర్తి చేయలేదు" అని రాసుంది.

"నీళ్లకి రంగు ఉండదని సైన్సు పుస్తకంలో ఉంది కదా" అన్నాడు వాడు, తలెత్తకుండానే.

ఆ పిల్లాడు తప్పు వేయలేదు. అలాగని చూసి వేసిందీ కాదు. పుస్తకంలో చదివినదాన్ని నమ్మి వేశాడు. పక్కింటి పాప నీళ్లకి నీలం వేసి పది మార్కులు తెచ్చుకుంది, అదీ చూసి వేసింది కాదు. ఇద్దరిలో ఒక్కరైనా గ్లాసు వంక చూడలేదు. బొమ్మలు వేసే పిల్లలున్న అమ్మలతో, నాన్నలతో నేను మాట్లాడాలనుకున్నది ఆ చూడకపోవడం గురించే.

మన పిల్లలకి బొమ్మలంటే ముందు సీనరీ. రెండు కొండలు, మధ్యలో సూర్యుడు, ఒక ఏరు, పెంకుటిల్లు, పక్కన కొబ్బరిచెట్టు. మనమూ అదే వేశాం, మన పిల్లలూ అదే వేస్తున్నారు. సీనరీ మీద నాకు కోపం లేదు. కానీ అది కళ్లు మూసుకుని కూడా వేయగలిగే బొమ్మ. కళ్లు తెరిస్తే తప్ప వేయలేని బొమ్మ ఒకటుంది, అది స్టిల్ లైఫ్. కదలని నాలుగు వస్తువుల్ని ఎదురుగా పెట్టుకుని, చూస్తూ వేసేది. అందులోనూ గాజు, నీళ్లు, తేనె, ప్లాస్టిక్ కవరు లాంటి వెలుతురు దూరిపోయే వస్తువులైతే చూడకుండా ఒక్క గీత కూడా పడదు.

ఒక పని చేయండి. పొద్దున ఎండ వచ్చే కిటికీ దగ్గర చిన్న బల్ల వేసి, దాని మీద గాజు గ్లాసులో ముప్పాతిక వంతు నీళ్లు పోసి పెట్టండి. ట్యూబ్‌లైటు ఆపేయండి. గ్లాసు కిటికీకీ మీకూ మధ్యలో ఉండాలి. పిల్లని కూర్చోబెట్టి పక్కనే మీరూ కూర్చోండి. ఐదు నిమిషాలపాటు పెన్సిలు ముట్టుకోవద్దు.

కాసేపటికి గ్లాసు మారిపోయినట్టు అనిపిస్తుంది. పిల్లలు గ్లాసుకి చుట్టూ ఒకే మందంతో నల్లగీత గీస్తారు కదా, అలాంటి గీత అక్కడ లేదు. వెలుతురున్న గోడ వెనకాల ఉన్నచోట గ్లాసు అంచు నల్లటి వెంట్రుకలా కనిపిస్తుంది. అదే అంచు ముదురు రంగు కర్టెన్ మీదికి వచ్చేసరికి తెల్లగా మెరుస్తుంది. ఒకటి రెండు చోట్ల అసలు అంచే ఉండదు, గ్లాసు ఎక్కడ ఆగి గాలి ఎక్కడ మొదలైందో తెలియదు. నీటిమట్టం గీతలా కాకుండా కోలగుండ్రంగా, అంచు వెంబడి గాజు మీదికి కాస్త పాకినట్టు ఉంటుంది. ఇక నీళ్లలోంచి చూస్తే కిటికీ బయట ఎడమ పక్కనున్న చెట్టు కుడి పక్కకి వచ్చేసి ఉంటుంది!

ఈ చివరిది పిల్లలకి పండగ. కాగితం మీద ఒక బాణం గుర్తు గీసి గ్లాసు వెనకాల ఆనించి పట్టుకోమనండి. బాణం లావుగా కనిపిస్తుంది, అంతే. కాగితాన్ని మెల్లగా వెనక్కి జరపమనండి. ఒకచోటికి వచ్చేసరికి బాణం దిక్కు మార్చేసుకుంటుంది. నీళ్లున్న గుండ్రటి గ్లాసు ఒక లెన్సు. గాలిలో ఉన్న వేగంలో నాలుగింట మూడు వంతులతోనే కాంతి నీళ్లలో నడుస్తుంది కాబట్టి, లోపలికి దూరేటప్పుడూ బయటికి వచ్చేటప్పుడూ దారి వంగుతుంది. ఈ లెక్క పిల్లలకి ఆ పూటే చెప్పక్కర్లేదు. బాణం తిరిగింది చూసిన పిల్ల పదో తరగతిలో వక్రీభవనం పాఠం వచ్చినప్పుడు తనే ఈ గ్లాసుని గుర్తు చేసుకుంటుంది.

తర్వాత నీడ చూపించండి. స్టీలు గ్లాసు నీడ ముద్దగా, బూడిదగా ఉంటుంది. గాజు గ్లాసు నీడ నడుమ చుట్టుపక్కల ఎండకంటే ఎక్కువ వెలుగు ఉంటుంది, నీళ్లు కదిలితే అదీ వణుకుతుంది.

ఈ నీడ దగ్గర నేను చేసిన తప్పు ఒకటి చెప్పాలి. మా అమ్మాయికి అప్పుడు ఏడేళ్లు. వంటింటి గట్టు మీది నువ్వులనూనె సీసా బొమ్మ వేస్తోంది. సీసా నీడకి నారింజ కలిసిన పసుపు వేసింది. నేను పక్కన నిలబడి, "నీడ పసుపుగా ఉంటుందా ఎక్కడైనా?" అని, కుంచె తీసుకుని దాని మీద బూడిదరంగు పూసేశాను. పిల్ల ఏమీ అనలేదు. మర్నాడు పొద్దున అదే సీసా కిటికీలో పెడితే, గట్టు మీద బంగారం కరిగించి పోసినట్టు పసుప్పచ్చటి మరక పడింది. నువ్వే కరెక్టమ్మా అని చెప్పాను. కానీ అప్పటికే నా మాట దానిలో ఇంకిపోయింది. ఆ తర్వాత చాలా నెలలు అది వేసిన ప్రతి నీడా నల్లగానే ఉండేది. పిల్ల కళ్లు సరిగ్గా చూసినదాన్ని నా నోటితో తుడిచేశాను. మీరు ఆ పని చేయకండి. నమ్మకం కుదరకపోతే మట్టిగాజులు ఎండలో పెట్టి చూడండి. ఎర్రగాజుకి ఎర్రనీడ, ఆకుపచ్చ గాజుకి ఆకుపచ్చ నీడ, రెండూ ఒకదాని మీద ఒకటి పడ్డచోట ఇంకో రంగు.

నీడల్లో రంగుల గురించి చెప్పుకుంటే అమెరికా చిత్రకారుడు వేన్ థీబో గుర్తొస్తారు. 1920లో పుట్టి 2021లో నూట ఒక్క ఏళ్ల వయసులో పోయారు. మిఠాయి దుకాణాల అద్దాల వెనక వరసగా పేర్చిన కేకుల్ని వేసి పేరు తెచ్చుకున్న మనిషి. ఆయన 1963లో వేసిన 'కేక్స్' వాషింగ్టన్ నేషనల్ గ్యాలరీలో ఉంది. తెల్లటి క్రీము కింద ఆయన వేసే నీడలు నీలంగా ఉంటాయి, వస్తువుల అంచుల చుట్టూ సన్నగా రంగుల గీతలు మెరుస్తుంటాయి. ఆ బొమ్మలు ఫోన్లో తీసి పిల్లలకి ఒక్కసారి చూపిస్తే, నీడకి నలుపు డబ్బా మూత తీసే అలవాటు తగ్గుతుంది.

కానీ గాజు విషయంలో నాకు గురువులాంటి మనిషి జానెట్ ఫిష్. ఆవిడ కథ తల్లిదండ్రులకి కూడా పనికొస్తుంది. 1938లో బోస్టన్‌లో పుట్టారు. పదేళ్ల వయసులో కుటుంబం బెర్ముడా ద్వీపానికి వెళ్లింది. చుట్టూ సముద్రం, కళ్లు చెదిరే ఎండ. తాత చిత్రకారుడు, తల్లి శిల్పి. యేల్ విశ్వవిద్యాలయంలో చిత్రకళ చదివి 1963లో ఎం.ఎఫ్.ఏ. పట్టా తీసుకున్నారు. ఆ రోజుల్లో అక్కడ అబ్‌స్ట్రాక్ట్ పద్ధతిదే రాజ్యం. గ్లాసునో పండునో చూసి వేయడం పాతకాలపు పని కింద లెక్క. తోటివాళ్లంతా ఒక దారిన పోతుంటే ఈవిడ కళ్లెదుట కనిపించేవాటి వైపు తిరిగారు. 1960ల చివర్లో ఆవిడ వేసినవి ఏమిటనుకున్నారు? సూపర్‌మార్కెట్లో ప్లాస్టిక్ కాగితం చుట్టి అమ్మే పళ్లు, కూరగాయలు!

అందులో ఏముంది అనిపిస్తుంది. ఒకసారి ప్లాస్టిక్ చుట్టిన క్యాప్సికమ్ ట్రే తెచ్చి ఎండలో పెట్టి చూడండి. ప్లాస్టిక్ ముడతపడిన ప్రతిచోటా వెలుతురు విరుగుతుంది. లోపలి కాయ ముక్కలు ముక్కలుగా, కొంత ఎర్రగా, కొంత గులాబీగా, కొంత మరీ తెల్లగా కనిపిస్తుంది. కాయ ఆకారం వెనక్కి పోయి, దాని మీద ఆడే వెలుతురు ముందుకొస్తుంది. ఆవిడకి కావలసింది ఆ వెలుతురే. అక్కణ్నించి గాజుకి వెళ్లారు. 1970లలో జాడీలు, సీసాలు, నీళ్ల గ్లాసులు పెద్దపెద్ద కాన్వాసుల మీద వేశారు. 'ఎనిమిది వెనిగర్ సీసాలు' అనే బొమ్మ 1972–73లోది, డాలస్ మ్యూజియం ఆఫ్ ఆర్ట్ దగ్గరుంది. డాలస్ చుట్టుపక్కల మన తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి కదా. అది ప్రదర్శనలో ఉందేమో ముందు కనుక్కుని, పిల్లల్ని ఒక శనివారం తీసుకెళ్లండి. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఆవిడదే 1981 నాటి 'రాస్ప్‌బెర్రీస్ అండ్ గోల్డ్‌ఫిష్' ఉంది.

వెనిగర్ సీసా ఎవరింట్లోనూ అపురూపమైన వస్తువు కాదు. అదే సీసా ఎనిమిదిసార్లు. అయినా ఒకటి ఇంకోదానిలా ఉండదు, ఎందుకంటే ప్రతి సీసా తన పక్కనున్నదాన్ని తనలోకి తీసుకుంటుంది. గాజు వేయడంలో కిటుకంతా అక్కడే ఉంది. గాజుకి సొంత రంగు దాదాపు ఉండదు. వెనకున్నది దానిలోంచి వంగి కనిపిస్తుంది, ముందున్నది దాని మీద మెరుస్తుంది. కాబట్టి గ్లాసు వేయాలంటే గ్లాసుని మర్చిపోయి దాని లోపల కనిపించే ఎరుపు ముక్కని, పచ్చ ముక్కని, నల్ల చారని ఉన్నవున్నట్టు వేసుకుంటూ పోవాలి. ముక్కలన్నీ పడ్డాక, ఎక్కడా 'గ్లాసు రంగు' వేయకుండానే కాగితం మీద గ్లాసు నిలబడుతుంది. మొదటిసారి ఇది జరిగినప్పుడు పిల్ల మొహం చూడండి, ఆ చూపు కోసమే నేను ఇన్నేళ్లుగా ఆదివారాలు నేర్పుతున్నాను.

పారదర్శకం, అర్ధపారదర్శకం అనే మాటలు పిల్లలు పరీక్ష కోసం బట్టీ పడతారు. వంటింట్లో మూడు గ్లాసులు వరసగా పెడితే ఆ అవసరమే ఉండదు. ఒకదానిలో నీళ్లు, ఒకదానిలో మజ్జిగతేట, ఒకదానిలో చిక్కటి మజ్జిగ. మూడింటి వెనకా ఒక టొమాటో పెట్టండి. నీళ్లలోంచి టొమాటో సాగి, వంగి, అయినా టొమాటోలాగే కనిపిస్తుంది. తేటలోంచి ఎర్రటి పొగలా కనిపిస్తుంది, అంచులుండవు. మజ్జిగలోంచి ఏమీ కనిపించదు. కానీ జాగ్రత్తగా చూస్తే టొమాటో వైపున్న మజ్జిగ గ్లాసు పక్క మీద లేత గులాబీ ఛాయ ఒకటి వాలి ఉంటుంది. దాన్ని పెద్దవాళ్లకంటే ముందు పిల్లలే పట్టుకుంటారు. పట్టుకున్నప్పుడు "అవునే, నేను చూడనేలేదు" అనండి. అది నిజమే కాబట్టి అనడానికి మొహమాటం అక్కర్లేదు.

ఆరేడేళ్ల లోపు పిల్లలకి ఇవేవీ మొదలుపెట్టకండి. వాళ్ల పారదర్శకత వేరు. ఇంటి గోడల్లోంచి లోపలి మంచం, అమ్మ చీరలోంచి పొట్టలోని చెల్లాయి, చేప పొట్టలోంచి అది మింగిన పురుగు, అన్నీ వాళ్ల బొమ్మల్లో కనిపిస్తాయి. ఫ్రెంచి పండితుడు జార్జ్ ఆన్రీ లుకే 1927లో పిల్లల బొమ్మల మీద రాసిన పుస్తకంలో దీన్ని శ్రద్ధగా వివరించారు. ఆ వయసులో పిల్లలు కంటికి కనిపించినదాన్ని కాకుండా తమకి తెలిసినదాన్ని గీస్తారు. గోడ వెనక మంచం ఉందని తెలుసు, అందుకే గీశారు. "గోడలోంచి కనిపిస్తుందా?" అని అడగొద్దు. ఆ బొమ్మల్ని తేదీ వేసి దాచండి. రోజు వచ్చినప్పుడు వాళ్లే ఆపేస్తారు, అప్పుడు మీకే బెంగగా ఉంటుంది.

సామాను గురించి పెద్దగా చెప్పడానికి లేదు. ఇరవై నాలుగు రంగుల పెట్టె కొనొద్దు. ఒక పసుపు, ఒక ఎరుపు, ఒక నీలం, ఒక గోధుమ చాలు, నలుపు అసలు వద్దు. నీలంలో గోధుమరంగు కలిపితే దాదాపు నలుపంత ముదురు వస్తుంది, అందులో ప్రాణమూ ఉంటుంది. డబ్బు పెట్టాల్సింది కాగితం మీద. మామూలు డ్రాయింగ్ షీటు తడికి ముడుచుకుపోతుంది, పిల్లలు అది తమ తప్పనుకుంటారు. 300 జీఎస్ఎం కాగితం కొని నాలుగు ముక్కలు చేసి ఇవ్వండి. రెండు నీళ్ల డబ్బాలు పెట్టండి, ఒకటి కుంచె కడగడానికి, ఒకటి రంగు కలపడానికి.

గాజు వేయడానికి వాటర్‌కలర్ అంత తగిన రంగు ఇంకోటి లేదు. అదీ ఒక రకం గాజే కదా. వెలుతురు పల్చటి రంగులోంచి దూరి కిందున్న తెల్లకాగితాన్ని తాకి మళ్లీ పైకి వస్తుంది. పసుపు వేసి, పూర్తిగా ఆరాక, దాని మీద పల్చటి నీలం వేస్తే ఒకదాని మీద ఒకటి పెట్టిన జిలాటిన్ కాగితాల్లా ఆకుపచ్చ వస్తుంది. ఆరకముందే వేస్తే బురద. ఈ ఆగడం పిల్లలకి కష్టం. ఆ పది నిమిషాలూ మీరు పక్కనుండాలి, కబుర్లు చెప్పండి, అటుకులు పెట్టండి. పోస్టర్ కలర్ మంచిదే కానీ అది కప్పేసే రంగు. వాటర్‌కలర్‌లో తెలుపు అంటే కాగితమే. మెరుపు ఎక్కడుందో ముందే చూసుకుని అక్కడ రంగు తగలకుండా వదిలేయాలి. చిన్నపిల్లలైతే ఆ చోట కొవ్వొత్తి ముక్కతో గట్టిగా రుద్ది, పైన రంగు వేయమనండి. మైనం ఉన్నచోట రంగు అంటదు.

వీడియోలు చూసి నేర్చుకుంటామని పిల్లలు అడుగుతారు. గ్లాసు బొమ్మ వేసే వీడియోలు బోలెడున్నాయి, ఇక్కడ బూడిదరంగు, ఇక్కడ తెల్ల జెల్ పెన్నుతో రెండు మెరుపులు, అయిపోయింది. చూడ్డానికి బాగానే ఉంటుంది. కానీ అది మళ్లీ సీనరీయే, కొండల బదులు గ్లాసు. మీ కిటికీలో ఆ పూట మెరుపు అక్కడ లేదు, ఇంకోచోట ఉంది. వీడియోలు తర్వాతెప్పుడైనా చూడొచ్చు, ముందు పది గ్లాసులు కంటితో చూసి వేయనివ్వండి. వేస్తున్నప్పుడు "బాగుంది" అని ఊరికే అనేకంటే "ఈ ఆకుపచ్చ ఎక్కణ్నించి వచ్చింది?" అని అడగండి. పిల్ల వెంటనే గ్లాసు వంక చూస్తుంది. మీ ప్రశ్న చేయాల్సిన పని అదే. రబ్బరు తీసుకోకండి, కుంచె అందుకోకండి. ఎండ జరిగిపోయి నీడ మారితే పిల్లలు విసుక్కుంటారు, "రేపు ఇదే టైముకి మళ్లీ పెడదాం" అని గ్లాసు అడుగున సుద్దముక్కతో గుర్తు గీసి ఉంచండి.

హైదరాబాద్‌లో ఉన్నవాళ్లు, వచ్చిపోయేవాళ్లు పిల్లల్ని సాలార్‌జంగ్ మ్యూజియానికి ఎలాగూ తీసుకెళ్తారు. గడియారం గంట కొట్టేదాకా నిలబడ్డాక, ముసుగు రెబెక్కా దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగండి. ఇటలీ శిల్పి బెంజోని చెక్కిన పాలరాతి బొమ్మ. మొహం మీద పల్చటి మేలిముసుగు, అందులోంచి ముక్కు, పెదవులు కనిపిస్తాయి. కానీ అక్కడ ముసుగూ లేదు, లోపల మొహమూ లేదు, అంతా ఒకటే రాయి. ముడత ఉన్నచోట గాటు లోతుగా, చర్మానికి ఆనినచోట పల్చగా చెక్కి వెలుతురుని అలా నడిపించాడు. పారదర్శకం కాని రాయిలో పారదర్శకతని చూపించాడని పిల్లలతో చెప్పే ముందు, "ఈ ముసుగు తీయగలమా?" అని అడిగి చూడండి. చాలామంది పిల్లలు తీయగలమనే అంటారు.

ఆ ఎనిమిదేళ్ల పిల్లాడు మూడు ఆదివారాలు వచ్చాడు. మొదటి వారం బాణం తిప్పుకుంటూనే గడిపాడు. రెండో వారం వేసింది నచ్చక చింపేశాడు, నేనేమీ అనలేదు, వాళ్లమ్మ కూడా అనలేదు. మూడో వారం వేసినది నా దగ్గర ఫోటో ఉంది. గ్లాసు లోపల కిటికీ కర్టెన్ ఆకుపచ్చ ఎడమ నించి కుడికి మారి ఉంది. పెరట్లోని ఎర్రబకెట్టు సన్నటి చారలా సాగి ఉంది. నీటిమట్టం దగ్గర నీలం, గోధుమ కలిపిన ముదురు గీత, అదీ ఒకవైపే, రెండోవైపు అంచు లేదు. టేబుల్ మీద నీడ మధ్యలో లేత పసుపు వేశాడు. గ్లాసు భుజం దగ్గర మాత్రం బియ్యపుగింజంత చోటు ఏ రంగూ వేయకుండా వదిలాడు. వాళ్లమ్మ వేలు పెట్టి "ఇక్కడ మర్చిపోయావురా" అన్నారు.

"మర్చిపోలేదమ్మా, అది కిటికీ" అన్నాడు.